ఫోన్ పట్టుకున్న మా కుర్రోడు

తగరపువలసలో ఇషా నమాజు అయిపోయాక, కొట్లు మూసేశాక, ఒక అరుగు మీద నలుగురు కుర్రాళ్ళు కూర్చుంటారు. నలుగురి చేతుల్లో నాలుగు ఫోన్లు. ఇద్దరు మా వాళ్ళు, ఇద్దరు కాదు. నలుగురూ ఒకే జట్టు. "వెనకాల వస్తున్నాడ్రా", "కాల్చు కాల్చు", "నన్ను లేపు" అని అరుస్తుంటారు. వాళ్ళని చూసి నవ్వుకుంటూ పోయేవాళ్ళం మేము.

ఒక రాత్రి బైకు మీద పోతున్న ఇద్దరు పెద్దమనుషులు ఆ అరుపులు విని ఆగారు. "ఏటిరా ఈ గోల? మీ పేర్లేటి?" అన్నారు. నాలుగు పేర్లూ విన్నాక ఇద్దర్ని ఇంటికి పొమ్మన్నారు. "చదువుకోండ్రా బాబూ, పాడైపోతారు" అని మందలించారు. మిగిలిన ఇద్దర్నీ మాత్రం ఫోన్ చూపించమన్నారు. ఎవరితో మాట్లాడుతున్నారు, అవతల ఉన్నది ఏ ఊరివాడు, ఏ దేశంవాడు అని అడిగారు. "టీవీలో చూపించారు కదా, ఈ ఆటల్లోనే అన్నీ నేర్పిస్తారట" అన్నారు.

అదే ఆట, అదే అరుగు, అదే తుపాకీ బొమ్మ. ఇద్దరు 'పాడైపోయే పిల్లలు' అయ్యారు. ఇద్దరు 'ప్రమాదకరమైన వాళ్ళు' అయ్యారు.

పెద్ద సంఘటనేం కాదు. ఎవరూ ఎవరినీ కొట్టలేదు, కేసు లేదు, పేపర్లో రాలేదు. కానీ ఆ రాత్రి ఇంటికొచ్చిన కుర్రోడు తన ఆటలో పెట్టుకున్న పేరు మార్చేసుకున్నాడు. అంతకుముందు సొంత పేరే పెట్టుకున్నాడు. తర్వాత ఏదో ఇంగ్లీషు పేరు పెట్టుకున్నాడు. వాళ్ళమ్మీ అడిగితే "ఊరికే" అన్నాడట. ఊరికేనా? ఈ వ్యాసం ఆ 'ఊరికే' గురించి.

ముందు మా తప్పు మేం ఒప్పుకోవాలి. పొద్దున ఉర్దూ పేపరూ, సాయంత్రం తెలుగు పేపరూ చదివి, రెండు భాషల్లోనూ రాసి బతికేవాళ్ళం మేము. డెస్కులో కూర్చుని శీర్షికలు పెట్టినవాళ్ళలో మేమూ ఉన్నాం. 'ప్రాణం తీసిన గేమ్', 'పబ్జీ భూతం', 'సెల్‌ఫోన్ రాక్షసి' ఇవన్నీ మా చేతుల మీదుగా పోయినవే. వార్తలో ఏముంటుంది? పిల్లాడు ఉరేసుకున్నాడు. తల్లి ఫోన్ లాక్కుంది. మర్నాడు పరీక్ష. తండ్రికి అప్పులు. ఇన్ని కారణాల్లో శీర్షికకి ఒక్కటే పడుతుంది. అప్పుల మాట పెడితే ఎవరు చదువుతారు? పరీక్ష మాట పెడితే కాలేజీ ప్రకటన పోతుంది. ఆటకి మాత్రం ఊళ్ళో చుట్టాలెవరూ లేరు, అడ్డుపడేవాళ్ళూ లేరు. అందుకే ఆట శీర్షిక అయింది.

నీలి తిమింగలం గుర్తుందా? 2017లో దేశమంతా 'బ్లూ వేల్' అని వణికిపోయింది. యాభై రోజుల పాటు యాభై పనులు చేయించి, చివరి రోజు చచ్చిపొమ్మంటుందట ఆ ఆట. ఆ ఏడాది ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం గూగుల్, ఫేస్‌బుక్ లాంటి కంపెనీలకి ఆ లింకులు తీసెయ్యమని చెప్పింది. ఏ ఊళ్ళో పిల్లాడు చనిపోయినా చేతి మీద తిమింగలం బొమ్మ ఉందా అని వెతికారు. బళ్ళల్లో సదస్సులు పెట్టారు. టీవీల్లో మానసిక నిపుణులు, పోలీసు అధికారులు, జ్యోతిష్యులు కూడా మాట్లాడారు. 2018 జనవరిలో అదే ప్రభుత్వం పార్లమెంటులో ఏం చెప్పిందో తెలుసా? అనుమానించిన మరణాలన్నిటినీ నిపుణుల కమిటీ పరిశీలించిందనీ, ఏ ఒక్క మరణానికీ ఆ ఆటతో సంబంధం ఉన్నట్టు రుజువు కాలేదనీ చెప్పింది. ఆ జవాబు ఎన్ని పేపర్లలో మొదటి పేజీకెక్కింది? ఎన్ని చానళ్ళు దాని మీద చర్చ పెట్టాయి? ఆరోపణ మొదటి పేజీలో, నిర్దోషిత్వం లోపలి పేజీలో ఓ మూల. ఈ లెక్క మాకు కొత్త కాదు. ముస్లింలుగా ఈ లెక్క మాకు ఒంటి మీద వాతలా తెలుసు.

2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. జుమ్మా నమాజుకి వచ్చినవాళ్ళు చనిపోయారు. పట్టుకుపోయింది మళ్ళీ మా కుర్రాళ్ళనే. వాళ్ళ ఫోటోలు, వాళ్ళ గల్లీలు, వాళ్ళ గడ్డాలు పేపర్లలో వచ్చాయి. తర్వాత వాళ్ళు నిర్దోషులని తేలింది. ప్రభుత్వం పరిహారం కూడా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వుల్ని కొట్టేసింది. ఆ కుర్రాళ్ళ పేర్లు 'అనుమానితులు'గా జనానికి ఎంత తెలిసాయో, నిర్దోషులుగా అంత తెలిశాయా?

ఆటలాడే పిల్లల బాధనీ, మక్కా మసీదు కేసులో చిత్రహింసలు పడ్డవాళ్ళ బాధనీ ఒకే తక్కెడలో తూచడం మా ఉద్దేశం కాదు. రెండూ ఒకటి కావు. కానీ అనుమానాన్ని తయారుచేసే కార్ఖానా ఒకటే. దాని పనితనం దగ్గర్నుంచి చూసినవాళ్ళం కనక చెబుతున్నాం.

2019 సంగతే తీసుకోండి. ఆ జనవరిలో ఢిల్లీలో 'పరీక్షా పే చర్చా' జరిగింది. కొడుకు ఆటల్లో పడి చదవడం లేదని ఒక తల్లి అడిగితే ప్రధానమంత్రి "ఇతను పబ్జీవాడా?" అని చమత్కరించారు. హాలంతా నవ్వింది. మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ లాంటి నగరాల్లో పోలీసులు ఆ ఆటని నిషేధించి, ఆడుతున్న కాలేజీ విద్యార్థుల్ని అరెస్టు చేశారు. ఏప్రిల్‌లో హైదరాబాదులో పదో తరగతి చదివే ఒక పిల్లాడు, పరీక్ష ముందు ఫోన్ పట్టుకున్నందుకు తల్లి మందలించిందని ప్రాణం తీసుకున్నాడు. దేశమంతా ఆ వార్త 'పబ్జీ' పేరుతోనే వెళ్ళింది.

అదే ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. మార్కుల నమోదులో తప్పులు. బాగా రాసిన పిల్లలకి సున్నాలు, పరీక్ష రాసినవాళ్ళకి 'గైర్హాజరు'. కొన్ని రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ఆత్మహత్య చేసుకున్నారు. ఫెయిలైన వాళ్ళ పేపర్లన్నీ మళ్ళీ చూస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఇప్పుడు చెప్పండి, ఆ నెలలో పిల్లలకి ప్రమాదకరమైన ఆట ఏది? 'ప్రాణం తీసిన పరీక్ష' అని రాసి, పరీక్షల్ని నిషేధించమన్న పేపరు ఏది? ఒక పిల్లాడు పోతే ఆట హంతకి. ఇరవై మంది పోతే 'సాంకేతిక లోపం'.

ఇక 2020 సెప్టెంబరు 2న కేంద్రం 118 యాప్‌లని నిషేధించింది. పబ్జీ మొబైల్ అందులో ఒకటి. మా వీధిలో తల్లులు మొక్కులు తీర్చుకున్నంత పని చేశారు. "ప్రభుత్వం మా పిల్లల్ని కాపాడింది" అన్నారు. చానళ్ళు కూడా ఆ మాటే చెప్పాయి. కానీ ఉత్తర్వులో పిల్లల మాట లేదు. దేశ సార్వభౌమత్వం, భద్రత, ప్రజల సమాచారం సరిహద్దు దాటిపోవడం, ఇవీ అందులో చెప్పిన కారణాలు. అప్పటికి గల్వాన్ లోయలో చైనా సైనికులతో ఘర్షణ జరిగి మూడు నెలలు కాలేదు. అదే ఆటని కొరియా కంపెనీ 2021 జులైలో వేరే పేరుతో మళ్ళీ తెచ్చింది. 2022 జులైలో అదీ ఆగిపోయింది. 2023 మేలో మళ్ళీ వచ్చింది. మధ్యలో పిల్లలు చెడిపోవడం ఆగి, మళ్ళీ మొదలయిందా? సరిహద్దు గొడవని పిల్లల సంక్షేమంగా చదివించింది ఎవరు?

విమర్శకులూ తక్కువేం తినలేదు. పుస్తకాలు రాసే పెద్దలు, మానవతావాదులు, అభ్యుదయవాదులు కూడా తెర మీద తుపాకీ పట్టినవాడు రేపు వీధిలో తుపాకీ పడతాడని తేల్చేశారు. ఈ తీర్పు పాతదే. 1954లో అమెరికాలో ఫ్రెడ్రిక్ వెర్థమ్ అనే మానసిక వైద్యుడు బొమ్మల కథల పుస్తకాలు పిల్లల్ని నేరస్థుల్ని చేస్తున్నాయని పుస్తకం రాశాడు. సెనేట్ విచారణలు జరిపింది. 1976లో 'డెత్ రేస్' అనే నాణెం వేసి ఆడే యంత్రం మీద గోల చేశారు. 1999లో కొలంబైన్ బడిలో కాల్పులు జరిగితే ఆ కుర్రాళ్ళు ఆడిన 'డూమ్' మీద పడ్డారు. అక్కడ తుపాకీ కొనుక్కోవడం ఎంత తేలికో అన్న ప్రశ్న పక్కకి పోయింది. మన దగ్గర ఒకప్పుడు నవలలు చదివితే ఆడపిల్లలు చెడిపోతారన్నారు. తర్వాత సినిమా అన్నారు. తర్వాత టీవీ. ఇప్పుడు ఆట. చెడిపోయే పిల్లలు మారుతున్నారు గానీ, తీర్పు చెప్పే పెద్దలు మారడం లేదు.

మరి శాస్త్రం ఏమంటోంది? హింసాత్మక ఆటల్ని పిల్లలకి అమ్మకూడదని కాలిఫోర్నియా చేసిన చట్టాన్ని 2011లో అమెరికా సుప్రీంకోర్టు 7–2 తేడాతో కొట్టేసింది. ఆ ఆటల వల్లే పిల్లలు హింసకి దిగుతారని అధ్యయనాలు రుజువు చెయ్యలేదని చెప్పింది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం 2020లో తన పాత తీర్మానాన్ని సవరించింది. హింసాత్మక ఆటలకీ, చిరాకుపడటం, అరవడం, తొయ్యడం లాంటి దుడుకుతనానికీ కొద్దిపాటి సంబంధం కనిపిస్తోంది గానీ, నిజమైన హింసకి ముడిపెట్టడానికి తగిన ఆధారం లేదని చెప్పింది. అలా ముడిపెడితే అసలు కారణాల మీంచి దృష్టి మళ్ళుతుందని కూడా హెచ్చరించింది.

అయితే ఆటలన్నీ అమాయకమైనవని మేం వకాల్తా పుచ్చుకోవడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగాల పట్టికలో 'ఆట రుగ్మత'ని చేర్చింది. 2022 జనవరి నుంచి ఆ పట్టిక అమల్లో ఉంది. కానీ అందులో ఏముందో చదవాలి. ఆట మీద అదుపు తప్పడం, తక్కిన పనులన్నిటికంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం, ఇదంతా మామూలుగా పన్నెండు నెలలపాటు కనిపించడం. అప్పుడు అది రోగం. రోగికి వైద్యుడు కావాలి, లాఠీ కాదు. రాత్రి రెండు గంటలు ఆడే ప్రతి పిల్లాడికీ ఆ పేరు తగిలిస్తే నిజంగా రోగంతో ఉన్నవాడు గుంపులో కనపడకుండా పోతాడు.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. ఆట ఆడేవాళ్ళందరూ ప్రమాదకరం అన్నారు, సరే. అందరూ సమానంగా ప్రమాదకరమా?

2019 మార్చి 15న న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో ఒక తెల్లవాడు రెండు మసీదుల్లో జుమ్మాకి వచ్చినవాళ్ళని కాల్చాడు. 51 మంది చనిపోయారు. వాళ్ళల్లో మన హైదరాబాదు బిడ్డలూ ఉన్నారు. తలకి కెమెరా కట్టుకుని, తుపాకీ గొట్టం కనపడేలా, అచ్చం షూటింగ్ ఆట తెర లాగా దాన్ని ఫేస్‌బుక్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశాడు. ఆటలే వాణ్ణి తయారుచేశాయా? కాదంటాం మేము. మా వాళ్ళు చచ్చిపోయిన చోట కూడా కాదనే అంటాం. వాణ్ణి తయారుచేసింది ముస్లింలు దండెత్తి వస్తున్నారన్న ద్వేషపు రాత. ఆ రాతలు రాసేవాళ్ళకి ఆటలు ఆడనక్కర్లేదు. ఆటని నేరస్థుణ్ణి చేస్తే ఆ ద్వేషం తప్పించుకుపోతుంది. అందుకే కాదంటున్నాం.

అటువంటి ప్రశ్నే మన దగ్గరికి వచ్చేసరికి తలకిందులైంది. 2023లో ఉత్తరప్రదేశ్‌లోని ఘజియాబాద్ పోలీసులు, ఆన్‌లైన్ ఆటల ద్వారా కుర్రాళ్ళ మతం మారుస్తున్నారని కేసు పెట్టారు. నేరం జరిగిందో లేదో తేల్చేది కోర్టు. ఆ పని మాది కాదు, చానళ్ళదీ కాదు. కానీ చానళ్ళు అప్పటికే దానికి 'గేమింగ్ జిహాద్' అని పేరు పెట్టేశాయి. 2020లో తబ్లీగీల మీద 'కరోనా జిహాద్' అన్న నోళ్ళే అవి. ఆ ఏడాది ఆగస్టులోనే బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి ఆ విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేస్తూ, వాళ్ళని బలిపశువుల్ని చేశారనీ, మీడియా పెద్ద ప్రచారం నడిపిందనీ తప్పుపట్టింది. అయినా చానళ్ళకి సిగ్గు రాలేదు. వైరస్ పోయి ఆట వచ్చింది. వెనక తగిలించిన మాట అదే.

ఒక్క కేసుకి పెట్టిన పేరు కోట్లమంది పిల్లల చేతిలోని ఫోన్‌కి అంటుకుంది. అక్కడి నుంచి తగరపువలస అరుగు మీదికి రావడానికి ఎన్నాళ్ళు పట్టింది?

ఇంకో సంగతి. ఈ ఆటల్లో చచ్చేది ఎవరు? మేం డిగ్రీ చదివే రోజుల్లో విశాఖ ఇంటర్నెట్ సెంటర్లలో 'కౌంటర్ స్ట్రయిక్' ఆడేవాళ్ళం. ఒక జట్టు టెర్రరిస్టులు, ఒక జట్టు వాళ్ళని చంపేవాళ్ళు. ఎక్కువమంది ఇష్టపడే మైదానం ఎడారి రంగు గోడలు, కమానులు ఉన్న అరబ్బు ఊరు లాంటిది. జట్లు పంచేటప్పుడు ఎవడో ఒకడు మమ్మల్ని చూసి "నువ్వు టెర్రరిస్టు వైపు రారా, నీకు సరిగ్గా సరిపోద్ది" అనేవాడు. అందరూ నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్ళం. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే గొంతు దగ్గర అడ్డం పడుతుంది. 2007లో వచ్చిన 'కాల్ ఆఫ్ డ్యూటీ' ఆటలో అమెరికా సైన్యం దిగేది పేరు లేని ఒక పశ్చిమాసియా దేశంలోకి. పేరు కూడా దండగ అనుకున్నారు. 2004లో ఇరాక్‌లోని ఫలూజాలో జరిగిన యుద్ధాన్ని ఆటగా చేస్తామని 2009లో ప్రకటిస్తే నిరసనలకి జడిసి ప్రచురించే కంపెనీ తప్పుకుంది. 2023లో ఆ ఆట బయటికొచ్చింది.

మా విమర్శకులు ఆటల మీద నిజంగా విమర్శ రాయదలిస్తే ఇదిగో, ఇక్కడ రాయాలి. తుపాకీ ఉందా లేదా అని కాదు, ఆ తుపాకీ ఎవరి వైపు గురిపెట్టి ఉందో రాయాలి. సినిమాని ఇలాగే కదా చదివాం. 'ఖడ్గం' (2002) లాంటి సినిమాలో మంచి ముస్లిం అడుగడుగునా దేశభక్తి నిరూపించుకోవాల్సి రావడం గురించి మాట్లాడుకున్నాం కదా. ఆటని కూడా ఒక రచనగా చదవండి. చదవకుండా తిట్టడం విమర్శ కాదు. అది ఫత్వా.

ఫత్వా అంటే గుర్తొచ్చింది. మా ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. 2019లో ఇండోనేసియాలోని ఆచే ఉలమాలు పబ్జీ హరాం అన్నారు. ఇరాక్ పార్లమెంటు నిషేధించింది. 2020 జులైలో పాకిస్తాన్ ఆపేస్తే ఆ నెలలోనే ఇస్లామాబాద్ హైకోర్టు తెరవమంది. మా జల్సాల్లోనూ, మా ఉర్దూ కాలమ్‌లలోనూ ఇదే పాట. హిందువుల చానల్ 'జిహాదీ' అంటుంది. మా పెద్దాయన 'షైతాన్' అంటాడు. మధ్యలో పిల్లాడు. వాడితో కూర్చుని "బేటా, ఏం ఆడుతున్నావు, నాకూ చూపించు" అన్నవాడు ఒక్కడు లేడు. లాహోర్ కుర్రాడు అర్సలాన్ సిద్దీఖీ 2019లో 'టెక్కెన్' ఆటలో జపాన్‌లోనూ, అమెరికాలోనూ ప్రపంచ మేటి ఆటగాళ్ళని ఓడించి గెలిచాడు. వీసాల కోసం పడ్డ అవస్థలు ఆటకంటే ఎక్కువ. అతని గురించి ఎన్ని ఉర్దూ సంపాదకీయాలొచ్చాయి? ఇక ఆడపిల్లల మాటే లేదు. మా ఇళ్ళల్లో అన్న ఆడి పక్కన పడేసిన ఫోన్‌లో దుప్పటి కింద ఆడుకునే చెల్లి ఉంది. ఆమె పేరు ఏ శీర్షికలోనూ రాదు, తిట్టడానికి కూడా.

నిజమైన ప్రమాదం లేదా? ఉంది. డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పేకాటలు. మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో కుటుంబాలు వీటి అప్పుల్లో మునిగాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో వీటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు ఆటలన్నిటినీ, వాటి ప్రకటనల్నీ నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ చట్టమే ఈ-స్పోర్ట్స్‌ని ఆటగా గుర్తించింది. శిక్ష కంపెనీకి, ప్రకటన ఇచ్చినవాడికి. ఆడినవాణ్ణి నేరస్థుడని అనలేదు. చట్టానికి తెలిసిన తేడా మా పేపర్లకి తెలియలేదా? తెలుసు. కానీ 'పబ్జీ భూతం' అని రాసిన రోజుల్లోనే సినిమా తారలు రమ్మీ ఆడమని పిలిచే ప్రకటనలు చానళ్ళలో వచ్చేవి. 2020 ఐపీఎల్ టైటిలే ఒక ఫాంటసీ ఆటల కంపెనీది. ఇచ్చే చేతిని కరవలేక ఖాళీ చేతులున్న పిల్లాణ్ణి కరిచారు.

ఆ చేతులు ఎందుకు ఖాళీగా ఉన్నాయో కూడా రాయాలి. తగరపువలస పక్కన చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడింది. దాని సైరన్‌తో నిద్రలేచిన ఇళ్ళల్లో మనవలు ఇప్పుడు ఫోన్ అలారంతో లేస్తున్నారు. విశాఖ ఉక్కుని అమ్మేస్తామని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించినప్పటి నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగం అనే ఆశ కూడా కుంటిదైంది. చుట్టూ ఇంజనీరింగు కాలేజీలు, హైవే మీద బస్సులు, గోస్తనీ ఒడ్డున ఆడుకునే జాగా రోజురోజుకీ కురచ. మా కుర్రోడు ఎక్కడ ఆడాలి? ఎవరితో ఆడాలి? ఆ ఫోన్‌లో వాడికి ఒక జట్టు దొరికింది. అందులో ఇద్దరు సాయిబులు, ఇద్దరు కాదు. పడిపోతే లేపే జట్టు. బయట ఈ ఊళ్ళో అలాంటి జట్టు కట్టడానికి మనం ఏం చేశాం?

మేం ఇప్పుడు డెస్కులో ఆ శీర్షికలు పెట్టడం లేదు. ఎవరైనా పెడితే రెండు ప్రశ్నలు అడుగుతున్నాం. పరీక్ష ఎప్పుడు? అప్పెంత? ఆ రెండింటికీ జవాబు రాసుకొచ్చాక ఆట సంగతి చూద్దామంటున్నాం. కొందరు నవ్వుతున్నారు. కొందరు రాసుకొస్తున్నారు.

ఆ నలుగురూ ఇంకా ఆ అరుగు మీదే కూర్చుంటారు. ఇద్దరు గొంతు పెంచి అరుస్తారు. ఇద్దరు మెల్లగా మాట్లాడతారు. మొన్న వాళ్ళ దగ్గర ఆగి మాకూ నేర్పమన్నాం. కుర్రోడు ఫోన్ చేతికిచ్చి, ముందు పేరు పెట్టుకోమన్నాడు. మేం మా పేరే పెట్టాం. అసలు పేరు, పూర్తి పేరు. వాడు దాన్ని చూసి, మమ్మల్ని చూసి, "చాచా, ఇదే ఉంచెయ్యమంటారా?" అని అడిగాడు.

ఉంచెయ్ బేటా అన్నాం.